సారు మూడో ఎపిసోడ్‌లో ఉన్నారు

జిల్లా ప్రజలకు శుభవార్త. సాయంత్రం ఇంట్లో కూర్చుని ఏ సినిమా చూడాలి, ఏ సిరీస్ చూడాలి అని ఇకమీదట ఎవరూ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆ భారాన్ని మా పార్టీ జిల్లా అధ్యక్షులు రామలింగయ్య గారు స్వయంగా తన భుజాల మీద వేసుకున్నారు. నంద్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో, భోజనాలకు కాస్త ముందు, అంటే జనం లేచి వెళ్లడానికి మనసొప్పని వేళ చూసి, ఆయన ఈ సంగతి ప్రకటించారు.

"ఇన్నేండ్లూ సిఫారసు కోసం మీరు నా దగ్గరికి వచ్చినారు. ఈ పొద్దు నేనే మీకు ఒకటి సిఫారసు చేస్తాండా. చీకటి తూము. సిరీస్. ప్రతి ఇంట్లో చూడల్ల. చూసి మాట్లాడుకోవల్ల."

కార్యక్రమానికి 'ఇంటింటా చూద్దాం, ఇష్టంగా మాట్లాడుకుందాం' అని పేరు పెట్టారు. ఆ పేరు అందరికంటే ముందు చదివింది నేనే. శ్రీనివాస సెంటర్లో నాది ఫ్లెక్సీల షాపు. ఎవరి తల ఎంత సైజులో ఉండాలి, ఎవరి భుజం ఎవరి భుజానికి తగలకూడదు అన్నది మా వృత్తిలో అసలైన చదువు. ఆ చదువు పుణ్యాన జిల్లాలో ఏ మంచి జరగబోతున్నా నాకు ముందురోజే తెలిసిపోతుంది. జరగకపోయినా తెలుస్తుంది, ఎందుకంటే ఫ్లెక్సీ మాత్రం కొట్టే ఉంటాను.

ఈ మహత్కార్యానికి మూలం ఒక కారు ప్రయాణం. మా జిల్లా వ్యవహారాలు చూసే మంత్రిగారు కర్నూలు నుంచి వస్తూ, పక్క సీట్లో ఉన్న మా అధ్యక్షుల వారితో చీకటి తూము అని ఒక సిరీస్ ఉంది, చూడు, చాలా బాగుంటుంది అన్నారట. ఇంకొకరైతే సరే సార్ అని ఊరుకునేవారు. మా అధ్యక్షుల వారు ఆ మాటలో పార్టీ ఆదేశాన్ని చూశారు. కారు దిగేలోపే, ఇంకా చూడకుండానే, ఆ సిరీస్ ఆయనకు నచ్చేసింది.

నిజం చెప్పాలంటే మా సెంటర్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఎప్పటినుంచో ఉన్నవే. సాయంత్రం నా షాపు ముందు బెంచీ మీద టీ తాగుతూ నువ్వేం చూశావంటే నువ్వేం చూశావని నలుగురం మాట్లాడుకుంటాం. మెడికల్ షాపాయనకు మొదటి పది నిమిషాల్లో హత్య జరక్కపోతే నచ్చదు. బ్యాంకులో పనిచేసే ఆయనకు కొరియా వాళ్ల ప్రేమలు కావాలి, ఆ సంగతి బయట చెప్పొద్దంటాడు. ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో మాకు తెలుసు. 'స్లోగా ఉంటాది గానీ బాగుంటాది' అని ఎవరైనా అన్నారంటే అది నిద్రమాత్రతో సమానమని లెక్క.

ఈ విషయంలో అందరికీ గురి ఉన్నది మాత్రం అనిత మాట మీద. అనిత టీచరు. మా వార్డు పార్టీ కన్వీనరూ నా చిన్ననాటి స్నేహితుడూ అయిన ఎలీషా భార్య. ఆవిడ చూడమంటే చూడొచ్చు. వద్దంటే, ఎంత పెద్ద హీరో ఉన్నా సరే, ఆ పూట హాయిగా చపాతీలు చేసుకోవచ్చు. ఆవిడ ఇన్ని ఎప్పుడు చూస్తుందంటే, బస్సులో చూస్తుంది. బడి ఆళ్లగడ్డ దాటి అహోబిలం రోడ్డులో ఒక పల్లెలో ఉంది. పొద్దున నంద్యాలలో బస్సెక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే, శిరివెళ్ల దాటేసరికి ఒక ఎపిసోడ్ సగానికి వస్తుంది. ఆళ్లగడ్డలో దిగి ఆటో ఎక్కాలి. ఆ ఆటోలో ఫోను చూడటం కుదరదు, రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకోవాలి.

అనితకు వెన్నులో డిస్కు జారింది. కర్నూలు డాక్టరు స్కానింగ్ ఫిల్ము వెలుతురులో పెట్టి చూపించి, ఈ ప్రయాణం మానకపోతే ఆపరేషను తప్పదు, ఆ తర్వాత నడక ఎలా ఉంటుందో నేను మాటివ్వలేను అన్నాడు. కాబట్టి ఈ కథలో ఆపదలో ఉన్నది ఆవిడ నడుము. నంద్యాలలో ఏదో ఒక బడికి పని సర్దుబాటు కింద, అంటే తాత్కాలికంగా, వేస్తే చాలు. ఖాళీ ఉంది, అధికారులకు అభ్యంతరం లేదు. అధ్యక్షుల వారు ఒక్క ఫోను చేయాలి, అంతే.

ఎలీషా అర్జీ పట్టుకుని సంజీవనగర్‌లో అధ్యక్షుల వారి ఇంటికి వెళ్లాడు. నేను కూడా వెళ్లాను, ఫ్లెక్సీ నమూనా చూపించాలి. రామలింగయ్య గారు అర్జీ చదివి చాలా బాధపడ్డారు. నడుమునొప్పి ఎంత పాడుదో తన మేనత్త ఉదాహరణతో వివరించారు. తర్వాత అర్జీ మడిచి పక్కన పెట్టారు.

"చేద్దాంలేప్పా ఎలీషా. ఈ సిరీస్ ఒకటి అయిపోనీ. మంత్రిగారు చెప్పినది. నడిమధ్య ఇంకో పని పెట్టుకుంటే ఆయప్పను అగౌరవపరిచినట్టు ఉంటాది."

అప్పటినుంచి కుళాయి కోసం వచ్చినవాళ్లకూ, పింఛను కోసం వచ్చినవాళ్లకూ, కొడుకు మీద కేసు తీయించాలని వచ్చినవాళ్లకూ అదే సమాధానం దొరికింది. సమాధానం ఒకటే కాబట్టి ప్రతిసారీ చెప్పడం దండగని ఆయన పీఏ గురుస్వామి నా చేత ఒక బోర్డు చేయించి గేటుకు తగిలించాడు. 'సారు మూడో ఎపిసోడ్‌లో ఉన్నారు' అని బోర్డు. ఎపిసోడ్ మారినప్పుడల్లా మార్చుకోవడానికి వీలుగా 'మూడో' అన్న ముక్క విడిగా చేసి గాడిలో దోపాను. నా పనితనాన్ని గురుస్వామి మెచ్చుకున్నాడు గానీ, ఆ వీలు చాలా రోజులు ఎవరికీ అవసరం పడలేదు.

మా వైపు కొన్ని పద్ధతులున్నాయి. నాయకుడి బండిని దాటి ఎవడూ బండి తోలడు. పెళ్లిలో నాయకుడు మొదటి ముద్ద ఎత్తేదాకా ఆ బంతిలో ఎవరూ ఆకులో చెయ్యి పెట్టరు, సాంబారు చల్లారినా సరే. ఇవి ఎక్కడా రాసి ఉండవు, ఎవరూ నేర్పరు, అందరికీ వస్తాయి. మరి సారు మూడో ఎపిసోడ్‌లో ఉంటే మనం నాలుగోది చూడటం ఏం మర్యాద? ఎవరూ ఆంక్షలు పెట్టలేదు. మర్నాటికల్లా జిల్లా అంతా మూడో ఎపిసోడ్ చివర నిలబడిపోయింది.

ఆ ఎపిసోడ్ చివర ఏమవుతుందో చెప్పాలి. ఒక ఇరిగేషన్ ఇంజనీరు శవం కాలువ తూములో దొరుకుతుంది. కాంట్రాక్టరు మీద అనుమానం, బామ్మర్ది మీద అనుమానం. మూడో ఎపిసోడ్ ఆఖర్లో ఎవరో తలుపు కొడతారు. ఇంజనీరు భార్య తలుపు తీసి 'నువ్వా' అంటుంది. అంతే, పేర్లు పడతాయి. ఆ తలుపు అవతల ఎవరున్నారో తెలియక నందికొట్కూరు నుంచి ఆళ్లగడ్డ దాకా జనం అన్నం సరిగ్గా తినలేదు. అయినా ఒక్కరు కూడా క్రమశిక్షణ తప్పలేదు. వార్డుల వారీగా సమీక్షా సమావేశాలు జరిగాయి. తలుపు అవతల కాంట్రాక్టరు ఉండే అవకాశమే లేదని అన్ని వార్డులూ ఏకగ్రీవంగా తీర్మానించాయి. మా అధ్యక్షుల వారు కూడా వృత్తిరీత్యా కాంట్రాక్టరే.

ఎలీషా కూడా తన వార్డులో సమీక్ష పెట్టాడు. ఇంటికి పోయి భార్యతో, నువ్వు కూడా మూడుతో ఆపు, కన్వీనరు భార్యే ముందుకు పోయిందంటే బాగుండదని చెప్పాడు. అనిత నడుముకు బెల్టు బిగించుకుంటూ వింది.

"నా నొప్పి మూడు దగ్గర ఆగుతాదా? బస్సు శిరివెళ్లలో ఆగినట్టు ఒక నిమిషం ఆగి మళ్లా బయలుదేరతాది గానీ," అంది. ఆ వారంలోనే ఎనిమిది ఎపిసోడ్లూ చూసేసింది. ఈ సంగతి ఎలీషాకు తెలుసు, నాకు తెలుసు. బాగుందా అని అడిగితే బాగుందన్నా, చూడొచ్చు అంది. తలుపు అవతల ఎవరని మాత్రం నేను అడగలేదు. నాకూ మర్యాద తెలుసు.

రోజులు గడుస్తున్నాయి, బోర్డు మీద ముక్క మారలేదు. ఎలీషా ఇక ఆగలేక గురుస్వామిని పక్కకు పిలిచి అడిగాడు. గురుస్వామి చాలా గౌరవంగా వివరించాడు.

"సారుకు ఏకాగ్రత ఎక్కువప్పా. పేర్లు పడతాండగానే కథలోకి పోతారు. కండ్లు మూసుకుని ఆలోచిస్తారు. ఆలోచన గట్టిదైతే కొంచెం శబ్దం గూడా వస్తాది. ఆయన చూడకుండా నేను ముందుకు జరపలేను గదా."

అప్పటినుంచి ఎలీషా సాయంత్రాలు అక్కడే గడిపాడు. ఫిల్టరు కాఫీ మోసుకెళ్లాడు. ఏసీ తగ్గించాడు. మెత్తటి సోఫా బదులు ఆఫీసు కుర్చీ వేయించాడు. హత్య జరిగే చోట వాల్యూం పెంచాడు. సమీక్ష పేరు మీద నలుగురు కార్యకర్తలను పిలిపించి, సన్నివేశం బాగున్న చోటల్లా చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు వినపడగానే రామలింగయ్య గారు అలవాటు కొద్దీ కళ్లు మూసుకునే చేయి పైకెత్తి అభివాదం చేసేవారు. తర్వాత ఆ చేయి మెల్లగా దిగిపోయేది.

ఇంత క్రమశిక్షణలో ఒకే ఒక్క అపశ్రుతి ఆళ్లగడ్డలో దొర్లింది. అక్కడి పట్టణ పార్టీ అధ్యక్షుడు ప్రభాకర్, కుర్రతనం పోని మనిషి, ఒక పెళ్లి భోజనంలో నోరు జారి 'నాలుగోదాంట్లో భలే ఉంటాదిలే' అన్నాడు. మాట సాయంత్రానికి నంద్యాల చేరింది. మర్నాడు పొద్దున్నే ప్రభాకర్ పత్రికల వాళ్లను పిలిచాడు. తాను నాలుగో ఎపిసోడ్ చూడలేదని, చూసినట్టు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారని, ఒకవేళ చూసి ఉంటే దాన్ని బేషరతుగా వెనక్కి తీసుకుంటున్నానని ప్రకటించాడు. పత్రికలన్నీ లోపలి పేజీలో వేశాయి.

వెనక్కి తీసుకున్నంత మాత్రాన సరిపోదని ప్రభాకర్‌కే అనిపించి, ప్రాయశ్చిత్తంగా అధ్యక్షుల వారి రాతి విగ్రహం చేయించడానికి పూనుకున్నాడు. శిల్పులకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో విగ్రహాలకు కరువా. శిల్పి కొండయ్యకు పని అప్పజెప్పారు. కుర్చీలో కూర్చుని, కుడిచేతిలో రిమోటు పట్టుకుని, ప్రజల కోసం సిరీస్ చూస్తున్న రామలింగయ్య గారు. ఆళ్లగడ్డ శిల్పులది ఒక పద్ధతి ఉంది. విగ్రహమంతా పూర్తయ్యాకే, ఆఖర్న, మంచి ముహూర్తం చూసి కళ్లు తెరుస్తారు. దానికి ముహూర్తం ఎప్పుడని కొండయ్య అడిగితే, గురుస్వామి కాసేపు ఆలోచించి, సారు సిరీస్ పూర్తి చేసిన రోజున కళ్లు తెరవమని చెప్పాడు. కొండయ్య రిమోటు మీద బటన్లు కూడా ఒక్కొక్కటే చెక్కాడు. కళ్ల దగ్గర మాత్రం నున్నగా వదిలేశాడు.

ఈలోగా అనిత నొప్పి కాల్లోకి దిగింది. నల్లబల్ల మీద రాయడానికి ఒక చేత్తో గోడ పట్టుకోవాల్సి వస్తోందని ఎలీషా నాతో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. నాకు కడుపు మండిపోయింది. లోపలికి పోయి, అధ్యక్షుల వారి పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆయన తల ఇంకొంచెం పెద్దది చేశాను.

అప్పుడొచ్చింది ఆ ఫోను. విగ్రహావిష్కరణకు మంత్రిగారే ఆళ్లగడ్డ వస్తున్నారు. ఫోను పెట్టేసేముందు ఒక మాటన్నారట. రామలింగయ్యా, నీ కార్యక్రమం గురించి పైన కూడా మాట్లాడుకుంటున్నారు, ఆ సిరీస్ క్లైమాక్స్ మీద స్టేజీ మీదే మనిద్దరం నాలుగు మాటలు మాట్లాడుకుందాం, జనానికి బాగుంటుంది అన్నారట.

సంజీవనగర్ ఇంట్లో ఆ సాయంత్రం ఎవరికీ టీ కూడా ఇవ్వలేదు. రామలింగయ్య గారు ముఖం కడుక్కుని టీవీ ముందు కూర్చున్నారు. పేర్లు పడటం మొదలైంది. ఏకాగ్రత వచ్చేసింది. గురుస్వామి ఇక లాభం లేదని లేచి, చివరిదాకా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మండలాల వారీగా ఫోన్లు చేశాడు. ప్రతి మండలం నుంచీ ఒకటే జవాబు వచ్చింది. సారును దాటి పోయేంత సంస్కారహీనులం కాదని గర్వంగా చెప్పారు. ప్రభాకర్ అయితే తాను వెనక్కి తీసుకున్న తర్వాత ఇప్పుడు రెండో ఎపిసోడ్‌లో ఉన్నానన్నాడు.

ఎలీషా చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. సార్, తప్పయితే క్షమించాలి, మా ఇంట్లో ఆమె చివరిదాకా చూసింది అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. ఇంత నేరం ఒప్పుకున్నవాణ్ణి రామలింగయ్య గారు కౌగిలించుకోవడం నేను మొదటిసారి చూశాను.

మర్నాడు సాయంత్రం అనితను పిలిపించారు. బస్సు దిగి నేరుగా వచ్చింది. సోఫా మెత్తగా ఉంటే లేవలేనని చెక్క కుర్చీ అడిగి కూర్చుంది. నేను ఆవిష్కరణ ఫ్లెక్సీ నమూనాతో గోడ పక్కన నిలబడ్డాను. ఎలీషా ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనపడింది. కథ చెప్పడం, ఫోను చేయించడం, రెండూ ఈ పూటే అయిపోతాయని దారిలో నాతో అన్నాడు.

"ఎప్పుడు చూసినావమ్మా ఇదంతా?" అని రామలింగయ్య గారు అడిగారు.

"బస్సులో సార్. నొప్పి మర్చిపోవల్ల గదా."

"ఇంట్లో చూడవా?"

"ఇంట్లో టైమ్ యాడుంటాది సార్. వంట, కాపీలు దిద్దేది, మా అత్తకు మందులు."

రామలింగయ్య గారు చాలాసేపు ఆలోచించారు. ఈసారి కళ్లు తెరుచుకునే ఆలోచించారు. తర్వాత ఎలీషా వైపు తిరిగి, చాలా ఆప్యాయంగా, ఒక నిర్ణయం చెప్పారు. మంత్రిగారు ఈ ఒక్క సిరీస్‌తో ఆపే మనిషి కాదు. ముందు ముందు ఇంకా చెప్తారు. చూసి చెప్పడానికి పార్టీకి నమ్మకమైన మనిషి కావాలి. ఇప్పుడు ఈమెను నంద్యాలకు తెచ్చేశామంటే బస్సు ఉండదు. బస్సు లేకపోతే చూడటం ఉండదు. కాబట్టి జిల్లా ప్రయోజనాల దృష్ట్యా ఆమె అక్కడే కొనసాగాలి.

"నీకు కిటికీ పక్క సీటు నేను డిపోవాళ్లకు చెప్పి పెట్టిస్తానమ్మా. దిండు గూడా ఇప్పిస్తా. ఆ బస్సు మటుకు నువ్వు వదలగూడదు."

గురుస్వామి దిండు సంగతి రాసుకున్నాడు. అనిత ఎవరి వైపూ చూడలేదు. మంచినీళ్లు అడిగి, మెల్లగా తాగి, గ్లాసు కింద పెట్టింది.

"సరే సార్. ఇంక క్లైమాక్స్ చెప్తా," అంది.

చెప్పింది. బడిలో పాఠం చెప్పినట్టు, అర్థం కాని చోట మళ్లీ చెబుతూ చెప్పింది. తూములో దొరికిన శవం ఇంజనీరుది కాదట. ఆఖరి ఎపిసోడ్‌లో, వానలో, కాలువ గట్టు మీద ఆయన నడుచుకుంటూ వస్తాడట. గడ్డం పెరిగిపోయి ఉంటుంది కాబట్టి భార్య కూడా గుర్తుపట్టదు. ఆయన చంకలో ఒక మేకపిల్ల ఉంటుంది. ఆ మేకపిల్ల ఆమెను చూసి ఒక్కసారి అరుస్తుంది. ఆ అరుపుతో ఆమెకు అంతా గుర్తొస్తుంది.

"కాంట్రాక్టరు?" అని అడిగారు రామలింగయ్య గారు, కొంచెం ముందుకు వంగి.

"ఆయప్ప దేవుడు సార్. దాచిపెట్టి కాపాడింది ఆయప్పే."

రామలింగయ్య గారి కళ్లు చెమర్చాయి. నావి కూడా చెమర్చాయి. ఇంత మంచి కథను ఇన్నాళ్లు మూడు దగ్గర ఆపేశామే అనిపించింది.

ఆళ్లగడ్డలో సభ ఘనంగా జరిగింది. నాలుగు రోడ్ల సెంటర్ నుంచి సభాస్థలి దాకా నా ఫ్లెక్సీలే. ముందు విగ్రహం ముసుగు తీశారు. నల్లరాతి కుర్చీలో నల్లరాతి రామలింగయ్య గారు, చేతిలో రిమోటు, కళ్లు మూసుకుని ఉన్నారు. సిరీస్ ఇంకా పూర్తికాలేదు కాబట్టి కొండయ్య కళ్లు ముట్టుకోలేదు. పోలిక ఎంత బాగా కుదిరిందంటే, ఎవరికీ అందులో ఏ లోపమూ కనపడలేదు. మంత్రిగారు విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి, సహజంగా ఉందని మెచ్చుకున్నారు.

తర్వాత స్టేజీ మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రామలింగయ్య గారు మైకు తీసుకుని క్లైమాక్స్ చెప్పారు. వాన చెప్పారు, గడ్డం చెప్పారు, కాంట్రాక్టరు గొప్పతనాన్ని కాస్త ఎక్కువగానే చెప్పారు. మేకపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నారు. మంత్రిగారు జేబురుమాలు తీసి కళ్లద్దుకున్నారు.

"ఆ మేకపిల్ల అరిచినప్పుడు నేను తట్టుకోలేకపోయినానప్పా," అన్నారు. "ఆ ఒక్క సీను రెండుసార్లు వెనక్కి వేసుకుని చూసినా. మా ఇంటామె గూడా ఏడ్చింది."

చప్పట్లు చాలాసేపు మోగాయి. నేను స్టేజీ మెట్ల దగ్గర ఊడిపోయిన ఫ్లెక్సీ తాడు కడుతున్నాను. అనిత మెల్లగా నడుచుకుంటూ వచ్చి, మెట్ల పక్కన నిలబడ్డ గురుస్వామి దగ్గర ఆగింది. బడి విడిచి నేరుగా వచ్చినట్టుంది, చేతికి సుద్ద అంటి ఉంది.

"గురుస్వామన్నా, ఒక చిన్న సాయం. ఆ మేకపిల్ల ఎన్నో ఎపిసోడ్‌లో వస్తాదో మంత్రిగారిని అడిగి చెప్తావా? నేను మళ్లా మొదటినుంచి వెతికినా. నాకు యాడా కనపడల్యా."

గురుస్వామి నవ్వబోయి ఆగాడు. ఆవిడ ముఖంలోకి చూశాడు. స్టేజీ మీదికి చూశాడు. అక్కడ ఇద్దరు పెద్దలూ ఇంకా కళ్లు తుడుచుకుంటున్నారు.

"నీకు ఇబ్బంది అయితే వద్దులే," అంది అనిత. "మైకు ఉండాది గదా. నేనే పైకి పోయి అడుగుతా."

మెట్టు మీద కాలు పెట్టింది. నడుము పట్టేసి ఒక క్షణం ఆగింది. ఆ క్షణంలోనే గురుస్వామి ఆవిడ చేయి పట్టుకుని, నువ్వు మెట్లెక్కకూడదక్కా, డాక్టరు ఏం చెప్పినాడు, అని ఎంతో ఆదరంగా కిందికి దించాడు. కుర్చీ తెప్పించాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఆవిడ తాగేలోపు ఫోను పట్టుకుని స్టేజీ వెనక్కి వెళ్లాడు.

సోమవారం పొద్దున సర్దుబాటు ఉత్తర్వు వచ్చింది. ఎలీషా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో బడి. కారణం కింద 'ప్రజా ప్రయోజనాల దృష్ట్యా' అని ఉంది. ఎలీషా దాన్ని నా షాపుకు తెచ్చి, నా చేతిలో పెట్టాడు. నేను నాలుగుసార్లు చదివాను. అధ్యక్షుల వారి దయాగుణానికి ధన్యవాదాలు తెలుపుతూ ఒక ఫ్లెక్సీ కొట్టాను, ఆ ఒక్కదాన్ని మాత్రం మనస్ఫూర్తిగా కొట్టాను.

సారు సిరీస్ పూర్తి చేసినట్టు అధికారికంగా తేలిపోయింది కాబట్టి జనానికి కూడా అడ్డు తొలగింది. ఆ రాత్రి జిల్లాలో ఏ ఇంట్లోనూ టీవీ ఆగలేదు. నేనూ చూశాను. తలుపు అవతల ఉన్నది కాంట్రాక్టరే. చంపిందీ అతనే. ఇంజనీరు మొదట్లో ఎంత చచ్చిపోయాడో చివర కూడా అంతే చచ్చిపోయి ఉన్నాడు. ఎనిమిది ఎపిసోడ్లలోనూ వాన లేదు, మేక లేదు.

మర్నాడు సాయంత్రం నలుగురం బెంచీ మీద చేరాం. టీలు వచ్చాయి, తాగాం. చివరికి మెడికల్ షాపాయన గొంతు సవరించుకుని, మేకపిల్ల సీను భలే తీసినాడప్పా అన్నాడు. బ్యాంకాయన, ఆ అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది అన్నాడు. ఆళ్లగడ్డ నుంచి ప్రభాకర్ ఫోను చేసి, మేకపిల్లను మొదట చూపించేది నాలుగో ఎపిసోడ్‌లోనే, నాకు అప్పుడే అనుమానం వచ్చింది అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను ఏడ్చానని చెప్పాను.

అప్పుడే అనిత కొత్త బడి నుంచి కూరగాయల సంచీతో నడిచి వస్తోంది. మా మాటలు విని ఆగింది. కొత్తగా ఏమైనా చూశావా, ఏం చూడమంటావని బ్యాంకాయన అడిగాడు. ఇప్పుడు టైమ్ దొరకడంలేదన్నా అని చెప్పి, నవ్వుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది.

మంత్రిగారు ఆళ్లగడ్డలో కారెక్కేముందు రామలింగయ్య గారికి ఇంకో సిరీస్ పేరు చెప్పారట. సంజీవనగర్ గేటు బోర్డులో నేను ముందుచూపుతో పెట్టిన గాడి మొదటిసారి అక్కరకొచ్చింది. 'మూడో' తీసేసి 'మొదటి' దోపాం. కుళాయిల వాళ్లూ పింఛన్ల వాళ్లూ వచ్చి చదువుకుని వెళ్తున్నారు.

మొన్న ఫ్లెక్సీలు విప్పుకోవడానికి ఆళ్లగడ్డ వెళ్లి, కొండయ్య షెడ్డులో కాసేపు కూర్చున్నాను. ఆయన ఒక పెద్ద నల్లరాయి మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. సిరీస్ అయిపోయింది కదా, అధ్యక్షుల వారి విగ్రహానికి కళ్లు ఎప్పుడు తెరుస్తున్నావని అడిగాను.

"అడిగినానప్పా గురుస్వామిని. వద్దు, అట్లే ఉండనీ అన్నాడు," అని గీత గీయడం ఆపకుండానే చెప్పాడు కొండయ్య. "ఇది మంత్రిగారిది. దీనికి గూడా అట్లే పెట్టమన్నాడు."